రెండో డబ్బా

మొదటి డబ్బాలో రాజున్నడు.
రాజుకు ఏనుగు, ఏనుగుకు కోట,
కోటకు ఏడు వాకిళ్ళు,
ఖజానా, కవి, పట్టపుదేవి.
అందరి అంచులకూ బంగారు రంగు.
పెళ్ళిపత్రికలకు తెచ్చిందే, డబ్బా అడుగున మిగిలింది.

నల్లగొండ గడియారం చౌరస్తా వెనక సందులో
శుభలేఖలు అచ్చేసే షాపు మాది.
షట్టర్ సగం దించినంక
కటింగ్ మిషన్ బల్లే రాజ్యం.
నేను, బొమ్మలేసే నఫీసా, లెక్కలు చూసే లింగస్వామి,
ఎప్పుడూ గెలిచే మల్సూరు.
ముక్కను వెలుతురుకు పట్టి చూస్తే
ఆగిపోయిన ఒక పెళ్ళి ముహూర్తం
వెనకనుంచి సన్నగ కనపడుతది.
ఆ అట్ట ఎవరూ తీసుకపోలే.

ఆట తెలియనోళ్ళకు చెప్పాలంటే ఇంతే.
మొదట మనిషికి పది ముక్కలు:
ఏడు మట్టితట్టలు, మూడు రాగికాసులు.
వాటితోనే కొనాలె, కొన్నది కలపాలె,
పిసికి మళ్ళ అయిదు తీయాలె.
ఎవరి కట్ట వాళ్ళే కట్టుకోవాలె.
ముక్కలకైనా చెరువుకైనా
మా దగ్గర ఒకటే మాట, కట్ట.

మల్సూరు కిటుకు అందరికీ ఎరికే.
మూడో చుట్టుకే తట్టలన్నీ బయట పారేస్తడు.
సన్నబడ్డ కట్టలో ఇగ ఏనుగులే ఏనుగులు,
ఎప్పుడు తీసినా రాజే.
"పనికిరాని ముక్కలు మోసుకుంట తిరుగుతరా ఎవరన్నా?"
రూలు నేను రాసిందే. ఏమంట?

ఎండకాలం ఒకనాడు
ఉదయసముద్రం కట్ట మీద బండి ఆపిన.
పానగల్లు దిక్కునుంచి గాలి.
ఈ మట్టి ఎవరు మోసిన్రో అనుకోలే నేను,
ఎన్ని తట్టలో అనుకున్న.
లింగస్వామిని అడిగితే
పత్రిక వెనకాల గీక్కుంట పోయి
సున్నాల కాడ ఆగిండు.

రెండో డబ్బాకు అరవై ముక్కలు.
కొత్త రాజు లేడు.
తూముంది, మోట ఉంది, ఎండిన వాగుంది,
పన్ను రాసే కరణం ఒకడు,
నాలుగు గండ్లు.
గండి పైకొస్తే అందరి కట్టలూ తెగుతయి.
పూడ్చెతందుకు ఏనుగు నడవదు, బంగారం నడవదు,
చేతిల రెండు తట్టలుండాలె.
లేకుంటే కోట సగం నీళ్ళపాలు.

నఫీసా మొండికేసింది:
"అన్ని తట్టలకు ఒకటే మొఖం ఈసారి వెయ్య."
వంగిన వీపు ఒక్కటే ఉండె ఇన్నాళ్ళు, మొఖమే లేకుండె.
ఇప్పుడు ఇరవై ఎనిమిది మొఖాలు, కింద పేర్లు.
బక్కమ్మ, ఇస్తారి, ఒక చెవి తెగిన ముత్తిలింగం,
చంకల పిల్లతోని పెంటమ్మ,
తట్ట దించి ఎవర్నో తిడుతున్న నర్సి.
అచ్చు ఖర్చు చూసి నేను నెత్తి పట్టుకున్న.

శుక్రవారం రాత్రి మొదటి ఆట.
మల్సూరు అలవాటు కొద్దీ పారేసిండు.
ఆరో చుట్టుకు గండి.
ఎనిమిదికి ఇంకోటి.
చేతినిండ ఏనుగులు పట్టుకుని కూసున్నడు,
పెళ్ళి ఆగిన ఇంటి ముంగట
బ్యాండుమేళం లెక్క.
మట్టిదిబ్బ అసుంటి లావుకట్టతోని
నఫీసా గెలిచింది.
ఆయన ఏమనలే.
పారేసిన కుప్పను ఒక్కొక్కటే తిరగేసి చూసిండు,
చాయ్ చల్లారేదాక.

సర్దేటప్పుడు లెక్కపెడితే యాభై తొమ్మిది.
మిషన్ కింద వెతికినం, కత్తిరింపుల బస్తాలో వెతికినం.

సోమవారం మల్సూరే జేబులకెల్లి తీసిండు.
"అంగితోని ఉతుకుల పడ్డది."
ఎందుకు తీసుకపోయినవని నేను అడగలే.
అంచులు పీచులేచినయి.
తట్ట మిగిలింది,
మొఖం సగం మిగిలింది,
పేరు పోయింది.

"మళ్ళ అచ్చేద్దాం, ఇది ఎవరిది?" అని
నఫీసా జాబితా తిప్పుతుంటే
మల్సూరు పెన్ను అడిగిండు.